పేకాటకి పుస్తకమా?

"పేకాటకి పుస్తకమేంట్రా?" అంటారు మా అమలాపురంలో. సికింద్రాబాద్ క్రెసెంట్ క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు 1967లోనే చెప్పింది కదండీ, మూడుముక్కలాట ఒట్టి అదృష్టం, రమ్మీకైతే పడిన ముక్కలు గుర్తుండాలి, నేర్పు కావాలి అని. నేర్పుంటే పుస్తకమూ ఉంటుంది.

పోకర్ అనగానే అందరూ చెప్పేది 1970లనాటి బ్రన్సన్ 'సూపర్ సిస్టమ్'. టోర్నమెంటుకి కొత్తగా వెళ్ళేవాడికి నేనైతే అది ఇవ్వను. అందులో ఎక్కువభాగం క్యాష్ ఆట, డబ్బులైపోతే మళ్ళీ జేబులో చెయ్యి పెట్టొచ్చు. టోర్నమెంట్లో చిప్స్ అయిపోతే మామూలుగా ఇంటికే. పైగా ముక్కలు చూడకముందే కట్టే బ్లైండ్స్ పెరుగుతూ పోతాయి. 1995 ప్రపంచ విజేత హారింగ్టన్ పుస్తకం (2004) నయం. దాని రెండో భాగంలో (2005) అసలు లెక్కుంది: ఉన్న చిప్స్ ఇంకెన్ని రౌండ్లకొస్తాయి? 201 ఆటలో 'ఇంకెన్ని డ్రాపులున్నాయ్?' అని వేళ్ళమీద లెక్కేసే మా రాజోలు బాబాయిలకి ఇదేం కొత్త కాదులెండి.