సువార్త: మాట జారితే

'సు' అంటే మంచి, 'వార్త' అంటే కబురు. గ్రీకు 'యువాంగెలియాన్'కూ అదే అర్థం; 'ఇవాంజెలికల్' అన్న పేరు పుట్టిందీ అందులోంచే. తెలుగు క్రైస్తవుల ఇళ్లలో సువార్తమ్మలూ ఉంటారు.

మరి మంచి కబురు మోసేవాడి నోట మాట జారితే? బార్బరా కింగ్‌సాల్వర్ 1998 నవల 'ది పాయిజన్‌వుడ్ బైబిల్'లో బాప్టిస్టు బోధకుడు నేథన్ ప్రైస్ 1959లో పెళ్లాంపిల్లలతో కాంగో చేరతాడు. యేసు 'బంగాలా' అని అక్కడివాళ్ల భాషలో చాటుతాడు. ప్రశస్తమైనవాడని అతని ఉద్దేశం. పలుకు తేడాపడి ఆ మాట, తాకితే ఒళ్లంతా దద్దుర్లు లేచే విషపుచెట్టు పేరైపోతుంది. చెప్పినా దిద్దుకోడు.

ప్రచారకులంతా ఇంతేనా? కాదు. అతనికి ముందు అక్కడ పనిచేసిన ఫౌల్స్‌ని కూడా రచయిత్రి చూపించింది. ఆయన ఊరివాళ్ల మాట విన్నాడు. కబురు చెప్పేవాడికి ముందు చెవులుండాలి.