మార్లవాయి నుంచి రామంతాపూర్ దాకా: బడికి పోయే కొత్త పంతుళ్ళ చరిత్ర



రామంతాపూర్‌లో హాస్టల్‌లో ఉండి బీఈడీ చదువుతున్న మాకు ఇప్పుడు ఒకటే ముచ్చట. ఇంటర్న్‌షిప్‌కు ఏ బడి పడుతది? ఉప్పలా, నాచారమా, ఇంకా దూరమా? ఎన్ని పీరియడ్ ప్లాన్లు రాయాలె? హెచ్‌ఎం సార్ ఎట్ల ఉంటడు? మా ఇండ్లల్ల కాలేజీ గడప తొక్కిన మొదటోళ్ళం మేమే. టీచింగ్ ప్రాక్టీస్ అంటే ఏందో చెప్పేటోళ్ళు ఇంట్ల లేరు. సీనియర్లను అడిగితే రికార్డుల గురించే చెప్పిండ్రు. అసలు కొత్త పంతుళ్ళను బడికి పంపుడు ఎప్పుడు మొదలైంది, వాళ్ళ నుంచి ఏం ఆశించిండ్రు అని మేమే వెతికినం. తెలిసింది మీతోని పంచుకుంటున్నం. మన గ్రూపుల డీఈడీ, బీఈడీ చదువుతున్నోళ్ళు చానామంది ఉన్నరు కాబట్టి కొంచెం పొడుగైనా చదవండి.

పాత వీధిబడుల్లో పంతులుకు ట్రైనింగ్ అనేది లేదు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలతో అక్షరాలు దిద్దించేవాళ్ళు. 18వ శతాబ్దం చివర్లో మద్రాసు ఎగ్మూరులో అనాథ బాలుర ఆశ్రమం చూసుకున్న ఆండ్రూ బెల్, స్థానిక బడి పిల్లలు ఇసుకలో రాసుడు చూసి ఆ పద్ధతినే తన బడిలో పెట్టిండు. తెలిసినోడు తెలియనోనికి చెప్పాలె, అంతే. అది ‘మద్రాసు పద్ధతి’ అనే పేరుతో ఇంగ్లండ్ దాకా పోయింది. అంటే చెప్పుకుంటూ చెప్పుడు నేర్చుకోవడం మన దిక్కు బడుల్లో ముందు నుంచే ఉన్నదన్న మాట.

1854లో వుడ్ డిస్పాచ్ వచ్చింది. బడులు పెరగాలంటే పంతుళ్ళకు ట్రైనింగ్ ఇచ్చే నార్మల్ స్కూళ్ళు కావాలని అందులో రాసిండ్రు. 1856లో మద్రాసులో ప్రభుత్వ నార్మల్ స్కూల్ మొదలైంది. అదే తర్వాత సైదాపేట టీచర్స్ కాలేజీ అయ్యింది. తెలుగు నేల మీద 1894లో రాజమండ్రి ట్రైనింగ్ కాలేజీ వచ్చింది. ఇటువంటి కాలేజీల్లో ట్రైనింగ్ అంటే పుస్తకం ఒక్కటే కాదు. పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పాలె. వెనక మాస్టారు, తోటి విద్యార్థులు కూసుండి చూస్తరు. పాఠం అయినంక తప్పొప్పులు చెప్తరు. ఈ రోజు మనం చేసే టీచింగ్ ప్రాక్టీస్‌కు మూలం ఇదే. కాకపోతే ఆ కాలేజీ దాకా పోవాలంటే ముందుగాల బడి చదువు ఉండాలె. మన గూడేల్లో బడే లేదు.

మన చరిత్ర వేరే చోట మొదలైంది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం ప్రాణం ఇచ్చినంక, ఆదిలాబాద్ అడవిలో ఏం జరుగుతున్నదో చూడక తప్పని పరిస్థితి నిజాం ప్రభుత్వానికి వచ్చింది. ఆ పని మీద వచ్చిన మానవ శాస్త్రవేత్త క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. భూముల సంగతితో పాటు చదువు సంగతి కూడా ఆయన ముందుకు తెచ్చిండు. 1943లో మార్లవాయిలో గోండు పంతుళ్ళ శిక్షణ కేంద్రం మొదలైంది. ఇప్పుడు ఆ ఊరు కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంల ఉన్నది.

అక్కడ ట్రైనింగ్‌కు వచ్చినోళ్ళు ఎవరు? డిగ్రీలు చదివినోళ్ళు కాదు. మరాఠీ కొంచెం చదవను, రాయను వచ్చిన గోండు యువకులు. అప్పట్ల ఆ ప్రాంతంల చదువు వచ్చిన కొద్దిమందికి తెలిసిన లిపి అదే కాబట్టి గోండి వాచకాలు దేవనాగరి లిపిలో తయారు చేసిండ్రు. ట్రైనింగ్ అయినోళ్ళను గూడేల్లో బడులు తెరవనీకె పంపిండ్రు. వాళ్ళ నుంచి ఆశించింది ఏంది? పిల్లగాడు ఇంట్ల మాట్లాడే మాటతోనే మొదటి అక్షరం నేర్పాలె. ఆ గూడెంలనే ఉండాలె. మనిషి మాటను, ఊరి మాటను తెలిసినోడై ఉండాలె. మా లెక్కల తెలంగాణ ఆదివాసీ విద్యార్థి టీచర్ల చరిత్రకు మొదటి పేజీ ఇదే. అది హైదరాబాద్ నగరంల రాయలేదు, మార్లవాయిలో రాసిండ్రు.

ఆ పేజీ ఎక్కువ కాలం నిలవలేదు. తర్వాతి ఏళ్ళల్ల గోండి బడిలోంచి వెనక్కి పోయింది, తెలుగు బోధన భాష అయ్యింది. 1956లో రాష్ట్రాలను భాషల లెక్కన విడగొట్టిండ్రు. అదే ఏడాది రాజ్యాంగంల 350ఎ అధికరణం చేర్చిండ్రు. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక చదువు మాతృభాషలో అందే ఏర్పాటు చేయాలని అది చెప్తది. కాగితం మీద హక్కు వచ్చింది గానీ, గూడెం బడిలో పిల్లగానికి సారు మాట అర్థం కాని రోజులు అట్లనే నడిచినయి. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ల గోండి, కోయ, కొలామి, లంబాడీ, సవర లాంటి 8 భాషల్లో బహుభాషా విద్య మొదలైంది. తెలుగు లిపిలోనే ఆ భాషల వాచకాలు వచ్చినయి. అంటే మార్లవాయిలో చేసిన పని విలువ తెలియడానికి 60 ఏళ్ళు పట్టింది.

ఇంకో కథ ఉద్యోగాలది. ఏజెన్సీ బడులకు మైదానం నుంచి పోస్టింగ్ అయిన టీచర్లు సరిగ్గ రాకపోవుడు పెద్ద సమస్య. దానికి మందుగా 1986లో జీవో 275, దాని తర్వాత 2000 జనవరి 10న జీవో నంబర్ 3 వచ్చినయి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ, నూటికి నూరు, స్థానిక గిరిజనులకే అన్నరు. మనోళ్ళు ఎంతోమంది పంతుళ్ళు, పంతులమ్మలు అయ్యింది దాని వల్లనే. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ జీవోను కొట్టేసింది. అప్పటికే ఉన్న ఉద్యోగాలు తీయొద్దన్నది గానీ, నూరు శాతం చెల్లదన్నది. గిరిజనులకు గిరిజనులే పాఠం చెప్పాలనే ఆలోచననే కోర్టు తప్పు పట్టింది.

ఇక్కడనే మా మాట చెప్తున్నం. ‘మన పిల్లలకు మనోళ్ళే ఎందుకు చెప్పాలె?’ అని ఎవరన్నా అడిగితే ఇన్నాళ్ళు జీవో చూపించినం. ఇప్పుడు చూపించాల్సింది పని. చట్టం కోసం కొట్లాడుడు ఆపొద్దు. దాంతో పాటు, మన పిల్లల భాష తెలిసిన టీచర్ తరగతిలో ఏం చేయగలడో, వేరేటోళ్ళు చేయలేనిది ఏందో మనం రాసి, చూపించి నిలబెట్టాలె. అది నేర్చుకునే జాగ ఇంటర్న్‌షిప్ ఒక్కటే.

ఒకప్పుడు బీఈడీ ఒక్క ఏడాది కోర్సు. బడిలో కొద్ది వారాలు ఉండి, లెక్కకు సరిపడా పాఠాలు చెప్పి వచ్చేటోళ్ళు. 2012లో జస్టిస్ జె.ఎస్. వర్మ కమిషన్ టీచర్ ట్రైనింగ్ ఎంత బలహీనంగ ఉన్నదో చెప్పింది. 2014లో ఎన్‌సీటీఈ కొత్త నిబంధనలు తెచ్చి బీఈడీని రెండేండ్లు చేసింది. బడిలో ఉండాల్సింది మొత్తం 20 వారాలు: మొదటి ఏడాది 4, రెండో ఏడాది 16. ఉద్దేశం మంచిదే. పాఠం చెప్పి పోయే చుట్టం లెక్క కాకుండా, బడి మనిషిగా ఉండాలని. ప్రార్థనకు నిలబడాలె, నోటుబుక్కులు దిద్దాలె, పరీక్ష పేపర్ తయారు చేయాలె, ఒక పిల్లగాన్ని దగ్గరి నుంచి గమనించి రాయాలె, తోటోళ్ళ పాఠం చూడాలె.

మరి ఆ 20 వారాలు ఎట్ల గడుస్తున్నయి? కొన్ని బడుల్లో సెలవు పెట్టిన టీచర్ల పీరియడ్లు నింపనీకె మమ్మల్ని వాడుకుంటరు. గైడ్ టీచర్ వెనక కూసోని పాఠం చూసింది తక్కువ. మన దిక్కు నుంచి కూడా లోపం ఉన్నది. పైసలిచ్చి రికార్డులు రాయించుకునేటోళ్ళు, సంతకాల కోసమే బడికి పోయేటోళ్ళు ఉన్నరు. రికార్డు నిండుతది గానీ చేతికి పని రాదు. రేపు గూడెం బడిలో ఒక్క టీచరే ఐదు తరగతులు చూడాల్సి వస్తే ఆ రికార్డు ఏం చేస్తది?

సిటీ బడిలో మనకేం పని అనుకోవద్దు. నాచారం ఫ్యాక్టరీల్లో, ఉప్పల్ బిల్డింగ్ పనుల్లో బతికే కుటుంబాల పిల్లలు ఈ సర్కారు బడులకే వస్తరు. ఒకరింట్ల హిందీ, ఒకరింట్ల ఒడియా, ఒకరింట్ల లంబాడీ మాట. 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం పెట్టిండ్రు. పిల్లగాడు వెనక బెంచీల ఎందుకు నోరు మెదపడో ట్రైనింగ్ పుస్తకం చదివి తెలుసుకోవాల్సిన పని మనకు లేదు. మనం ఆ బెంచీ మీద కూసోని వచ్చినోళ్ళమే. 1943లో మార్లవాయి పంతుళ్ళకు ఉన్న బలం ఇదే.

అందుకని మూడు మాటలు. ఒకటి, బడికి పోయిన మొదటి వారమే తరగతిల ఎవరింట్ల ఏ భాషనో రాసుకుందాం, ఆ మాటలు నాలుగైనా నేర్చుకోని పాఠంల వాడుదాం. రెండు, గైడ్ టీచర్‌ను మర్యాదగా అడుగుదాం: ‘సార్, మా పాఠం ఒక్కటన్నా పూర్తిగ చూసి తప్పులు చెప్పండి’ అని. అది మన హక్కు, బతిమాలుకునుడు కాదు. మూడు, 16 వారాల్లో కొన్ని వారాలు ఏజెన్సీ ఆశ్రమ పాఠశాలల్లో ఇయ్యమని ఎక్కడి కాలేజీల అక్కడ అందరం కలిసి దరఖాస్తు పెడదాం. ఉట్నూర్, ఏటూరునాగారం, భద్రాచలం దిక్కు ఐటీడీఏ బడుల్లో పనికి పోయేది మనమే అయితే, అక్కడ నేర్చుకోకుండా ఇంకెక్కడ నేర్చుకుంటం?

ఆశ్రమ బడిలో ఇప్పటికే ఇంటర్న్‌షిప్ చేసినోళ్ళు ఎవరన్నా ఉంటే పర్మిషన్ ఎట్ల దొరికిందో, దరఖాస్తు ఎవరికి పెట్టిండ్రో కింద రాయండి. ఈ ఏడాది పోయేటోళ్ళందరికీ పనికొస్తది.