పార్కిన్సన్స్ వ్యాధి: ముఖం, మాట చెప్పలేని భావాలు

పార్కిన్సన్స్ వ్యాధి అనగానే చేతులు వణకడం, నడక మందగించడం గుర్తుకు వస్తాయి. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఈ వ్యాధిని వర్ణిస్తూ ప్రచురించిన వ్యాసం పేరులోనే వణుకు ప్రస్తావన ఉంది. అయితే రోగి నలుగురితో మెలిగే తీరుపైనా ఈ వ్యాధి ప్రభావం తీవ్రంగా ఉంటుంది.

మెదడులో డోపమైన్‌ను ఉత్పత్తి చేసే కణాలు క్రమంగా నశించడం వల్ల కదలికలు మందగిస్తాయి. చిరునవ్వు, రెప్పపాటు, మాటకు తోడుగా చేతులు ఆడించడం కూడా కదలికలే. అవి తగ్గినప్పుడు ముఖం బిగుసుకుపోయి, భావరహితంగా కనిపిస్తుంది. దీనిని వైద్య పరిభాషలో హైపోమిమియా అంటారు. లోపల సంతోషం, దుఃఖం యథాతథంగా ఉన్నా ఎదుటివారికి నిర్లక్ష్యంగానో, కోపంగానో తోస్తుంది. వైద్య సిబ్బంది సైతం ముఖాన్ని బట్టి రోగి స్వభావాన్ని తప్పుగా అంచనా వేస్తున్నట్లు పరిశోధనలలో వెల్లడైంది. మరోవైపు, ఈ రోగులలో కుంగుబాటు నిజంగానే ఎక్కువ. అందువల్ల ముఖం చూసి నిర్ణయించక, రోగిని అడిగి తెలుసుకోవలసి ఉంటుంది.

అధిక సంఖ్యాకులలో స్వరం కూడా సన్నగిల్లుతుంది. విశేషమేమంటే, తన గొంతు తగ్గిన సంగతి రోగికి తెలియదు. మామూలు స్థాయిలో మాట్లాడమంటే అరుస్తున్నట్లు అనిపిస్తుంది. ఇంట్లోవారికి చెవుడు వచ్చిందని రోగి, కావాలనే గొణుగుతున్నారని ఇంట్లోవారు భావించడం కద్దు. ప్రశ్నకు జవాబు ఆలస్యమయ్యే లోపు సంభాషణ మరో విషయానికి మళ్లిపోతుంది. క్రమేణా రోగి పెళ్ళిళ్ళకు, సభలకు వెళ్లడం మానుకుంటారు.

కార్యాలయాలలో ఎదురయ్యే చిక్కు మరొకటి. వ్రాసే కొద్దీ అక్షరాలు చిన్నవి కావడం ఈ వ్యాధి లక్షణం కనుక పాత సంతకంతో కొత్త సంతకం సరిపోలదు. తడబడే మాట, తూలే నడక చూసి మద్యం సేవించారని పొరబడే అవకాశమూ ఉంది. వికలాంగుల హక్కుల చట్టం, 2016 దీర్ఘకాలిక నాడీ సంబంధ వ్యాధుల కింద పార్కిన్సన్స్‌ను వైకల్యంగా గుర్తించింది. నిర్దేశిత వైకల్యం 40 శాతానికి తగ్గకుండా ఉన్నట్లు ధ్రువీకరణ పొందినవారు చట్టంలోని ప్రత్యేక ప్రయోజనాలకు అర్హులు.

లెవోడోపా మందుతో కాళ్లూచేతుల కదలిక మెరుగుపడినంతగా స్వరం మెరుగుపడదు. ఇందుకు ప్రత్యేక శిక్షణ అవసరం. లీ సిల్వర్‌మన్ పద్ధతిలో వారానికి 4 రోజుల చొప్పున 4 వారాలు బిగ్గరగా మాట్లాడడాన్ని సాధన చేయిస్తారు. ఎదుటివారు టీవీ కట్టివేసి, ఎదురుగా కూర్చుని, ఒకసారికి ఒకే ప్రశ్న అడిగి, జవాబుకు వ్యవధి ఇవ్వాలి. రోగి వాక్యాన్ని తామే పూర్తి చేయరాదు. ముఖ్యమైన సమావేశాలను, ఇంటర్వ్యూలను మందు బాగా పనిచేసే వేళకు ఏర్పాటు చేయడం మేలు. ఆ వేళ ఏదో రోగినే అడగవచ్చు.