సింపుల్, కాంపౌండ్, కాంప్లెక్స్: ఈ విభజన ఎక్కడిది?

కొండ ప్రాంతంలోని డుంబ్రిగుడ హైస్కూలు పిల్లలు ఒకే పాఠాన్ని రెండు పుస్తకాల్లో చదువుతారు. ఇంగ్లీషు గ్రామర్‌లో సింపుల్, కాంపౌండ్, కాంప్లెక్స్. తెలుగు వాచకంలో సామాన్య, సంయుక్త, సంక్లిష్ట వాక్యాలు. వాళ్లలో చాలామంది ఇంట్లో మాట్లాడేది కువి, కూబి, లేదంటే ఆదివాసీ ఒడియా. ఆ పిల్లల దాకా ఈ పాఠం చాలా దూరం నడిచి వచ్చింది.

వాక్యాలను రకాలుగా పంచడం పాత అలవాటే. క్రీ.పూ. 5వ శతాబ్దపు గ్రీకు పండితుడు ప్రోటాగరస్ మాటను కోరిక, ప్రశ్న, జవాబు, ఆజ్ఞ అని నాలుగుగా విడదీశాడని చెబుతారు. అది చెప్పేవాడి ఉద్దేశాన్ని బట్టి చేసిన పంపకం. వాక్యం కట్టుబడిని బట్టి చేసింది మాత్రం ఈమధ్యది. 1795లో వచ్చిన లిండ్లీ మర్రే ఇంగ్లీషు వ్యాకరణం ఎన్నో దశాబ్దాలు బడులను ఏలింది. అందులో ఉన్నవి రెండు రకాలే: సింపుల్, కాంపౌండ్.

మూడో రకానికి దారి వేసింది జర్మనీ. వైద్యం చదివి భాషాశాస్త్రంలోకి వచ్చిన కార్ల్ ఫెర్డినాండ్ బెకర్, ఒక వాక్యం మరో వాక్యంలో నామంలాగో విశేషణంలాగో క్రియావిశేషణంలాగో ఒదిగి పనిచేస్తుందని చూపించాడు. ఇంగ్లండులో బడుల ఇన్‌స్పెక్టర్ జె.డి. మోరెల్ ఆ పద్ధతిని 1852లో వాక్య విశ్లేషణ పుస్తకంగా తెచ్చాడు. నౌన్ క్లాజ్, అడ్జెక్టివ్ క్లాజ్, అడ్వెర్బ్ క్లాజ్ అని మనం వల్లెవేసేది ఆ సంప్రదాయమే. దాన్ని మన దేశంలో ఊరూరా పాతుకునేలా చేసినవి ఇక్కడి విద్యాశాఖలో పనిచేసిన నెస్‌ఫీల్డ్ 1898లో వేసిన పుస్తకం, 1930ల్లో వచ్చిన రెన్ అండ్ మార్టిన్.

తెలుగు సంగతి చూడండి. చిన్నయసూరి బాలవ్యాకరణంలో సంజ్ఞ నుంచి ప్రకీర్ణకం దాకా పది పరిచ్ఛేదాలున్నాయి. వాక్యానికి విడిగా పరిచ్ఛేదం లేదు. మన వాచకాల్లోని మూడు రకాల వాక్యాలు ఇంగ్లీషు వ్యాకరణాల ఒరవడిలో వచ్చాయి. క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం అనే అసమాపక క్రియల పేర్లు మాత్రం సంస్కృతం ఇచ్చినవి. తెలుగు వాక్యాన్ని దాని సొంత నడకలో పరిశీలించే పని చేకూరి రామారావు 'తెలుగు వాక్యం' (1975)తో బలపడింది.

పిల్లలు తడబడేది సరిగ్గా ఈ నడక దగ్గరే. 'వాన వెలిశాక మేం చాపరాయికి వెళ్లాం' అన్న వాక్యంలో సమాపక క్రియ, అంటే నిండు క్రియ, ఒక్కటే: వెళ్లాం. 'వెలిశాక' అసమాపకం. ఇంగ్లీషులో 'వెన్ ద రెయిన్ స్టాప్డ్, వుయ్ వెంట్ టు చాపరాయి' అంటే రెండు చోట్లా నిండు క్రియలే. 'సంతలో పసుపు అమ్మిన మామ్మ' అన్నప్పుడు వివరమంతా మామ్మకు ముందే వస్తుంది. ఇంగ్లీషులో మామ్మ ముందు వచ్చి, 'హూ' పట్టుకుని వివరం వెనక వస్తుంది. పిల్లవాడు 'హూ' మరిచిపోయాడంటే తెలివి లేక కాదు, అతని భాషలో ఆ చోట అలాంటి మాట అక్కర్లేదు గనక.

కువి, కూబి తెలుగులాగే ద్రావిడ భాషలు, అసమాపక క్రియలతోనే వాక్యాలను అల్లుతాయి. ఒడియా ఇండో-ఆర్య భాష. అందులో 'ఎవడైతే... వాడు' వంటి జంట పదాలతో కట్టే వాక్యాలు సహజం. అంటే ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరు పిల్లలు ఇంగ్లీషు క్లాజుకు వేర్వేరు దారుల్లో చేరుకోవచ్చు. ఈ భాషలకు వ్యాకరణాలు లేక కాదు: షుల్జ్ కువి వ్యాకరణం 1911లో, భద్రిరాజు కృష్ణమూర్తి కూబి వ్యాకరణం 1969లో అచ్చయ్యాయి. ఈశాన్యాన పర్లాకిమిడి వైపు సవర భాషకు గిడుగు రామమూర్తి 1931లోనే ఆ సేవ చేశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో కువి, కొండ (కూబి), ఆదివాసీ ఒడియా సహా ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక బోధన కూడా మొదలైంది.

వాక్యాల మూడు రకాలు ప్రకృతి నియమం కావు. ఒక భాషను చిన్నపిల్లలకు విడమర్చడానికి ఉపాధ్యాయులు చేసుకున్న ఏర్పాటు. అందుకని కొండ బడుల ఉపాధ్యాయులకు ఒక్కటే విన్నపం: కాంప్లెక్స్ సెంటెన్స్ నిర్వచనం బోర్డు మీద రాసే ముందు, అదే సంగతిని ఇంటి భాషలో ఎలా అంటారో పిల్లలనే అడగండి. ఆ వాక్యంలో నిండు క్రియ ఎక్కడుందో వాళ్ల చేతే గుర్తుపట్టించండి. ఆ తర్వాత ఇంగ్లీషు వాక్యం రాయండి, పాఠం సగం అప్పటికే అయిపోయి ఉంటుంది.