రొట్టె, గట్క, నాగు గింజలు: ఆర్మూర్ వాడల తిండి చరిత్ర

తెలంగాణ పల్లెల చరిత్ర మీద వచ్చిన పుస్తకాలు తెరిస్తే గడీ ఉంటది, దొర ఉంటడు, వెట్టి ఉంటది, సాయుధ పోరాటం ఉంటది. వెట్టి చేసి పొద్దుగూకినంక ఇంటికొచ్చిన మాల, మాదిగ కుటుంబం ఏం వండుకొని తిన్నదో మాత్రం చాలా తక్కువ కనిపిస్తది. తిండి వంటింటి సంగతి, ఆడవాళ్ల సంగతి అని చరిత్రకారులు దాన్ని పక్కకు పెట్టిండ్రు. పన్ను లెక్కలు దొరుకుతయి, పంట లెక్కలు దొరుకుతయి. ఆ పంట పండించిన చేతులకు ఎంత గింజ దక్కిందో తెలుసుకోవాలంటే మాత్రం మన అవ్వలనే అడగాలె.

ఈ వ్యాసం ఆర్మూర్ చుట్టుపక్కల దళిత వాడల జొన్న రొట్టె గురించి. రొట్టెను ఇక్కడ కూలి లెక్కగా చదువుతున్నాను. మన తాత ముత్తాతల చేతిలో కూలి చిట్టీలు లేవు, పట్టాలు లేవు. పొయ్యి మీద ఏ పూట ఏం ఉడికింది అన్న జ్ఞాపకం ఉన్నది. ఆ జ్ఞాపకాన్ని సాక్ష్యంగా తీసుకోకపోతే మనకు చరిత్రే మిగలదు.

రొట్టె వెనుక పని

జొన్న పిండికి గోధుమ పిండికి ఉన్న జిగట లేదు. అందుకే చపాతీ తీరు కర్రతో ఒత్తితే పగుల్తది. ఉడుకు నీళ్లు పోసి పిసికి, పీట మీద పొడిపిండి చల్లి, అరచేత్తో తట్టుకుంట తిప్పాలె. పెనం మీద వేసినంక పైన తడి చెయ్యి రాయాలె. తర్వాత తిప్పేసి, చివరికి నిప్పుల కాడ నిలబెట్టి కాల్చాలె. నూనె అవసరం లేదు. పిండి పాతబడితే చేదెక్కుతది, రొట్టె విరుగుతది. కాబట్టి వారానికి సరిపడా ఒకేసారి ఇసిరి పెట్టుకునే వీలు లేదు. గిర్ని రాని కాలంలో ఇసుర్రాయి దినాం తిరగాల్సిందే.

దీని అర్థం ఏమిటి? కూలికి పోయే ఆడమనిషి పని దినం పొలంలో మొదలు కాలేదు. మా అవ్వ ఇప్పటికీ చెప్తది: "కోడి కూయకముందు లేసి ఇసిరేటాళ్లం. నేనొక దిక్కు, మా అత్త ఒక దిక్కు కూసుంటే మానెడు జొన్నలు అయ్యేటియి. తెల్లారేవరకు రొట్టెలు చేసి మూట కట్టాలె. ఆలిస్యమైతే పనికాడ మాట పడాలె." ఈ పనికి ఎవరూ కూలి ఇయ్యలేదు. కాని ఇది లేకుండా దొర పొలంలో నాటు పడదు, కలుపు తీయడం జరగదు. పసుపు తవ్వకానికి వచ్చే మనిషి కడుపులో అంతకుముందే ఇసుర్రాయి పని ఉన్నది.

రొట్టెకు తోడు ఎల్లిపాయ కారం, చింతకాయ తొక్కు, పచ్చి పులుసు. పచ్చి పులుసుకు పొయ్యి కూడా పెద్దగా అక్కరలేదు: చింతపండు పిసికి, ఉల్లిగడ్డ కోసి, మిరపకాయ కాల్చి నలిపి, ఉప్పు వేస్తే అయిపాయె. పప్పు కొనలేని ఇంట్లో, నూనె గిద్దెడు కూడా లేని ఇంట్లో పుట్టిన వంట అది. కూర ఎక్కువ సార్లు కలుపులో నుంచే వచ్చేది. గునుగు, తుమ్మి, పాయిలి కూర ఆసామికి పీకి పారేయాల్సిన కలుపు. తీసే ఆడవాళ్లకు అదే రాత్రి కూర. ఒడిలో వేసుకొని వచ్చేవాళ్లు. ఇంత కొంచెంతో ఇంటిల్లిపాదికి రుచి చూపించిన తెలివిని మనం గౌరవించాలె. అదే సమయంలో అంత కొంచెమే ఎందుకు దక్కింది అని కూడా అడగాలె. ఈ రెండో ప్రశ్న అడగకుండా 'సాదాసీదా పల్లె తిండి' అని మెచ్చుకునే రాతలు మనకు పనికిరావు.

మా అవ్వ మాటల్లో ఇంకొక లెక్క ఉన్నది. పంట ఇంటికొచ్చిన నెలలల్ల రొట్టె. ఎండకాలం దాటేసరికి గట్క, అంటే జొన్ననో మక్కనో రవ్వగా ఇసిరి ఉడికించింది. ఆషాఢ శ్రావణాలకు అంబలి. గింజ తగ్గినకొద్ది నీళ్లు పెరిగినయి. మానెడు పిండి రొట్టె చేస్తే కొందరికి సరిపోతది, అదే మానెడు అంబలి కాస్తే వాడకట్టు పిల్లలంతా ఒక్కొక్క గంటె తాగొచ్చు. రొట్టె, గట్క, అంబలి అని మూడు వంటకాల పేర్లు చెప్తున్నాం గని, ఇవి ఏడాదిలో ఆకలి దిగిన మూడు మెట్లు.

గింజ ఎట్లొచ్చింది

ఆ గింజ వాడకు నాలుగు దారుల్లో వచ్చేది. మొదటిది జీతం, కూలి: ఏడాదికి ఇన్ని కుంచాలు అని జీతగానికి, రోజుకు ఇన్ని సోలలు అని కూలికి. రెండోది మేర. చెప్పులు, మోటబొక్కెన, డప్పు, కావలి పనులకు కళ్లంలో ఇచ్చే వాటా. మూడోది పరిగె. కోత అయినంక రాలిన వెన్నులు ఏరుకోవడం, కళ్లం అడుగున మట్టితో కలిసిన గింజ ఊడ్చుకొని చెరుగుకోవడం. నాలుగోది నాగు.

నాగు గురించి కొంచెం వివరంగా చెప్పాలె, ఎందుకంటే అసలు సంకెల అక్కడున్నది. ఆషాఢంలో ఇంట్లో గింజ అయిపోయినప్పుడు దొర ఇంట్లోనో పటేల్ ఇంట్లోనో పాతర తెరుస్తరు. రెండు కుంచాలు తెచ్చుకుంటే పంటకు మూడు కుంచాలు కట్టాలె. తెచ్చినప్పుడు గింజ పిరం, కట్టేటప్పుడు అగ్గువ. అంటే పైకి కనిపించే సగం వడ్డీ కన్నా అసలు వడ్డీ ఎక్కువ. పైగా కొలిచే కుంచం వాళ్లది, కొలిచే చెయ్యి వాళ్లది. కట్టలేకపోతే కొడుకు జీతం ఉంటడు. ఆ జీతంలోనుంచి మళ్లీ గింజ, ఆ గింజలోనుంచి మళ్లీ నాగు.

హైదరాబాద్ రాజ్యంలో ఈ అప్పు జీతాన్నే భగేలా అన్నరు. 1936లో నిజాం ప్రభుత్వం భగేలా ఒప్పందాల మీద నిబంధన తేవాల్సి వచ్చిందంటే ఆ వ్యవస్థ ఎంత పాతుకొని ఉన్నదో ఊహించుకోవచ్చు. తర్వాత 1948 కనీస వేతనాల చట్టం కూలి నగదుగా ఇవ్వాలని చెప్పింది. అదే చట్టం, ఆనవాయితీ ఉన్నచోట గింజ రూపంలో ఇచ్చేందుకు ప్రభుత్వం అనుమతించవచ్చు అని కూడా చెప్పింది. ఆనవాయితీ అనే ఆ ఒక్క మాట దొర కుంచానికి ఎంత తావు ఇస్తదో ఊళ్లో బతికినోళ్లకు విడమర్చి చెప్పనక్కరలేదు. వెట్టిచాకిరి నిర్మూలన చట్టం 1976 దాకా రాలేదు.

సల్ల సంగతి కూడా ఇందులో భాగమే. గట్కకు సల్ల కావాలె. బర్రెలున్న ఇంటికి ముంత పట్టుకొని పోవాలె, దూరం నిలబడాలె, పైనుంచి పోస్తే పట్టుకోవాలె. రొట్టెను మన చేతులతో చేసుకున్నం, కాని దాని పక్కన పెట్టుకునే సల్లలో అంటరానితనం ఉండె. 1927 మార్చిలో మహద్ సభలో అంబేడ్కర్ చచ్చిన పశువుల మాంసం మానుకోవాలని, పారేసిన ఎంగిలి ముక్కలకు చెయ్యి చాపొద్దని పిలుపునిచ్చింది ఇందుకే. మన హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ ఆది హిందూ ఉద్యమం ద్వారా తాగుడు మీద, జంతుబలుల మీద ప్రచారం చేసిండు. అంబేడ్కర్ మాటలో తిండి శుద్ధి కన్నా ముఖ్యమైంది ఆ తిండి ఏ సంబంధంలో వచ్చింది అనే ప్రశ్న. పెద్దకూర తినడం తప్పని నేను అనడం లేదు. 2012లో ఉస్మానియాలో విద్యార్థులు పెద్దకూర పండుగ చేసి ఆ వాదాన్ని బజారుకు తెచ్చిండ్రు. తినేది ఏదైనా మన హక్కుగా తింటున్నమా, వాళ్ల దయగా తింటున్నమా అన్నదే తేడా.

రెండు రూపాయల బియ్యం

1983లో అధికారంలోకి వచ్చిన ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం పెట్టింది. ఈ పథకం వల్ల జొన్న పోయింది, ఆరోగ్యం పోయింది, సంప్రదాయ తిండి పోయింది అని ఇప్పుడు చాలామంది రాస్తున్నరు. అందులో కొంత నిజం ఉన్నది. తెల్ల బియ్యంలో జొన్నలో ఉన్నంత పీచు లేదు. బియ్యమే ప్రభుత్వం కొని ఇచ్చే గింజ కావడంతో మెట్ట పంటలకు బలం తగ్గింది.

కాని వాడ దిక్కునుంచి చూస్తే ఇంకొకటి కనిపిస్తది. కంట్రోల్ దుకాణంలో కార్డు చూపించి బియ్యం తెచ్చుకున్న మనిషి ఆషాఢంలో పాతర కాడికి పోవాల్సిన పని తగ్గింది. పండుగకు మాత్రమే చూసిన బువ్వ దినాం పొయ్యి మీదికి వచ్చింది. మా అవ్వను "జొన్న రొట్టె మంచిది గదా, ఎందుకు మానేసిండ్రు?" అని అడిగిన. "మంచిదే బిడ్డా. గని ఆ జొన్నల కోసం ఎవరి ముంగట నిలబడ్డమో నీకు తెల్వది" అన్నది. నా పరిశోధనలో ఇంతకన్నా పెద్ద వాక్యం నాకు దొరకలేదు. రొట్టె నుంచి బువ్వకు మారడం వాడకు రుచి మారడమే కాదు, నాగు నుంచి బయటపడటం కూడా. ఇసుర్రాయి పక్కకు పోవడం ఆడవాళ్లకు తెల్లవారుజామున రెండు గంటల నిద్ర దక్కడం.

ఈ మాట పాత చరిత్రకే పరిమితం కాదు. ఈ ప్రాంతపు ఊళ్లల్ల గ్రామాభివృద్ధి కమిటీలు దళితుల మీద, వెనుకబడిన కులాల మీద సాంఘిక బహిష్కరణ పెట్టిన సంఘటనలు ఎన్నోసార్లు పత్రికలకెక్కినయి. కూలికి పిలవొద్దు, కిరాణం ఇయ్యొద్దు అన్నది ఆ తీర్పుల తీరు. అంటే కడుపు మీద కొట్టడం ఇంకా కులం చేతిలో ఆయుధమే. ఊరి పెద్దల దయతో పని లేకుండా వచ్చే గింజ అటువంటి రోజున ఎంత అండనో ఆలోచించండి.

ఆర్మూర్ జొన్న ఎవరి కోసం

యాసంగిలో ఆర్మూర్ దారుల వెంట పోతే జొన్న చేన్లు ఇప్పటికీ కనిపిస్తయి. అది ఎర్రజొన్న. దాని గింజ ఉత్తర భారత రాష్ట్రాలకు పశుగ్రాసం విత్తనంగా పోతది. మన చేన్లో పండిన జొన్న అక్కడి బర్రెల మేతకు విత్తనం. దాన్ని కోసిన కూలి మనిషి ఇంటికొచ్చి తినేది రేషన్ బియ్యం. రొట్టె కావాలంటే తెల్లజొన్నలు దుకాణంలో బియ్యం కన్నా పిరానికి కొనాలె.

ఎర్రజొన్న బకాయిల కోసం 2008లో ఆర్మూర్‌లో రైతులు పెద్ద ఆందోళన చేసిండ్రు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు, ఎర్రజొన్న గిట్టుబాటు ధర కోసం నిజామాబాద్‌లో 178 మంది రైతులు పోటీకి దిగిండ్రు. మొత్తం అభ్యర్థులు 185 మంది. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌లో ప్రారంభమైంది. ఇవన్నీ న్యాయమైన కోరికలే. కాని ఆ కోరికల పట్టికలో పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఆరబోసిన ఆడకూలీల రోజు కూలి ఎక్కడున్నది? క్వింటాలుకు ధర ఎంత అనే ప్రశ్న పార్లమెంటు దాకా పోయింది. కూలి ఎంత అనే ప్రశ్న ఊరి కచ్చీరు దాటలేదు. గింజ మారింది, కుంచం పోయింది, లెక్క అడిగే హక్కు మాత్రం ఇంకా భూమి ఉన్నోళ్లకే ఉన్నది.

గింజ మీద చెయ్యి ఎవరిది

2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. హైదరాబాద్‌లో జొన్న రొట్టె షుగర్ ఉన్నోళ్ల తిండిగా రోడ్డు పక్కన అమ్ముడుపోతున్నది. నిన్నటిదాకా 'జొన్న గట్క మొఖం' అని వెక్కిరించిన నోళ్లే ఇప్పుడు దాని గుణాలు చెప్తున్నయి. మరోవైపు 2025 ఉగాది నుంచి తెలంగాణ ప్రభుత్వం రేషన్‌లో సన్నబియ్యం ఇస్తున్నది. పేదలకు సన్నబియ్యం ఎందుకు అనే సణుగుడు ఎక్కడ విన్నా, అది దొరసాని పాత మాటే అని గుర్తుపట్టాలె.

అట్లని జొన్నను మనం వదులుకోవాలని కాదు. జహీరాబాద్ పస్తాపూర్‌లో 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో దళిత ఆడవాళ్ల సంఘాలు 1990లలో ఒక దారి చూపించినయి. పడావు భూములల్ల జొన్న పండించి, ఊళ్లోనే సంఘం గింజ నిల్వ పెట్టుకొని, కరువు నెలల్లో పేద ఇండ్లకు తక్కువ ధరకు ఇచ్చిండ్రు. ఆర్మూర్‌లో ఆషాఢం అంటే దొర పాతర. అక్కడ ఆషాఢం అంటే సంఘం గింజ. జొన్న అదే, రొట్టె అదే, కొలిచే చెయ్యి మారింది. కాబట్టి జొన్న మంచిదా బియ్యం మంచిదా అనే చర్చ మనకు సగమే. మరాఠ్వాడ దళితుల తిండి మీద షాహూ పాటోళే రాసిన పుస్తకం 2015లో మరాఠీలో వచ్చింది. 1956 దాకా మనదీ వాళ్లదీ ఒకటే హైదరాబాద్ రాష్ట్రం, వాళ్ల భాకరీ మన రొట్టె ఒకే పొయ్యి బిడ్డలు. మన దిక్కు ఆ పని ఇంకా ఎంతో మిగిలి ఉన్నది.

ఈ వ్యాసం చదివే విద్యార్థులను, టీచర్లను, కార్యకర్తలను ఒకటే కోరుతున్నాను. మీ ఇంట్లో అరవై దాటిన అవ్వ ఉంటే కూసోబెట్టి అడగండి: రోజుకు ఎన్ని సోలలు ఇచ్చేటోళ్లు, కుంచం ఎవరిది, నాగుకు ఎంత కట్టిండ్రు, ఏ నెలలో రొట్టె, ఏ నెలలో అంబలి. ఊరి పేరుతో, పంట పేరుతో రాసి పెట్టండి. ఇసుర్రాళ్లు ఇప్పటికే గోడల కింద పునాది రాళ్లయినయి. వాటిని తిప్పిన చేతులు ఉన్నప్పుడే ఆ లెక్క రాసుకోవాలె.