పుకారు వల్ల భయమా, భయం వల్ల పుకారా? 1934 భూకంపం కథ

సోషల్ సైకాలజీ అనగానే అమెరికా ల్యాబులే గుర్తొస్తాయి కదా. ఈ రోజు చెప్పబోయే కథ మాత్రం బీహార్‌లో మొదలవుతుంది.

1934 జనవరి 15, మధ్యాహ్నం రెండు దాటింది. బీహార్, నేపాల్ ఒక్కసారిగా కంపించాయి. ముంగేర్, ముజఫర్‌పూర్ పట్టణాలు దాదాపు నేలమట్టం. 10 వేల మందికి పైగా చనిపోయారు.

పాట్నాలో జమునా ప్రసాద్ అనే సైకాలజిస్టు ఓ పని చేశారు. జనం నోట వినపడే పుకార్లన్నీ రాసిపెట్టుకున్నారు. ఫలానా తేదీన పాట్నాకి తుఫాను వస్తుందట, చంద్రగ్రహణం రోజున మళ్లీ భూమి కంపిస్తుందట, నేపాల్ వైపు నుంచి వరద ముంచుకొస్తోందట... అన్నీ 'అట'లే! 1935లో వీటిపై బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సైకాలజీలో వ్యాసం రాశారు.

పదిహేనేళ్లు దాటాక అది లియోన్ ఫెస్టింజర్ అనే అమెరికన్ చేతిలో పడింది. ఆయనకి ఒక్కటే అర్థం కాలేదు. ఈ పుకార్లు ఎక్కువగా పుట్టింది ప్రకంపన తగిలినా పెద్దగా నష్టం జరగని చోట. బతికి బయటపడ్డవాళ్లు ఊరట కలిగించే మాటలు చెప్పుకోవాలి గానీ, ఇంకా పెద్ద ప్రమాదం వస్తుందని ఎందుకు చెప్పుకుంటారు?

చివరికి ఆయన లెక్కని తిరగేశాడు. వీళ్లకి భయం ముందే ఉంది. చుట్టూ చూస్తే ఇళ్లన్నీ బాగానే ఉన్నాయి. 'ఏమీ కాలేదు, మరి నాకెందుకీ వణుకు?' ఈ రెండూ ఒకదానికొకటి పొసగవు. పుకారు వచ్చి ఆ భయానికి ఒక కారణం ఇస్తుంది. మనకొచ్చే ఫార్వర్డ్‌లలో కొన్నింటి పని కూడా ఇదేనని నాకనిపిస్తుంది.

మరి నష్టాన్ని కళ్లారా చూసినవాళ్లు? 1950లో డార్జిలింగ్‌లో కొండచరియలు విరిగిపడ్డాక దుర్గానంద్ సిన్హా ఇలాగే పుకార్లు సేకరించారు. అక్కడ శిథిలాలు ఎదురుగానే ఉన్నాయి. రాబోయే విపత్తు గురించిన పుకార్లు మాత్రం ఆయనకి దొరకలేదు.

బాగా అతికినట్టుంది కదూ? కానీ ఊళ్లు వేరు, విపత్తులు వేరు, మధ్యలో పదహారేళ్ల తేడా. దీన్నే రుజువు అనలేం. ఫెస్టింజర్ 1957లో కాగ్నిటివ్ డిసొనెన్స్ సిద్ధాంతంపై పుస్తకం తెచ్చాడు. 1959లో కార్ల్‌స్మిత్‌తో కలిసి ల్యాబ్‌లో పరీక్షించాడు. విసుగు పుట్టించే పనిని 'భలే ఉంది' అని అబద్ధం చెప్పడానికి కొందరికి ఒక డాలర్, కొందరికి 20 డాలర్లు ఇచ్చారు. ఆ పని నిజంగానే బాగుందని ఎక్కువగా అన్నది ఒక్క డాలర్ తీసుకున్నవాళ్లే!

క్లాసుల్లో ఈ డాలర్ కథే చెప్తారు, పాట్నా సంగతి ఎవరూ ఎత్తరు. ఫెస్టింజర్ మాత్రం దాచలేదు. ఆయన పుస్తకం దొరికితే ముందుమాట తెరిచి చూడండి, ప్రసాద్ పేరు అక్కడే ఉంది.