ఇ.సి.జి.లో 'యాక్సిస్' కథ

నా ఇ.సి.జి. రిపోర్టులో 'లెఫ్ట్ యాక్సిస్ డీవియేషన్' అన్న మాట చూసి, గుండె పక్కకు ఒరిగిపోయిందేమోనని రెండు రాత్రులు నిద్రపోలేదు. ఈ మాట ఎక్కడిదా అని చదివితే, కథ హాలెండుకు దారితీసింది.

లైడెన్ నగరంలో ఆచార్య ఐంథోవెన్ గుండె విద్యుత్తును కొలిచే గాల్వనోమీటరును 1901లో ప్రకటించారు. దాని బరువు సుమారు 270 కిలోలు. నడపడానికి ఐదుగురు కావాలి. రోగి రెండు చేతులు, ఎడమకాలు ఉప్పునీటి పాత్రలలో ఉంచి కూర్చునేవాడు. ఆ మూడింటినే త్రిభుజపు కొనలుగా తీసుకొని, గుండెలో విద్యుత్తు మొత్తం మీద ఏ దిక్కుకు సాగుతున్నదో లెక్కకట్టే విధానాన్ని ఆయన, సహచరులు 1913లో వివరించారు. ఆ దిక్కే యాక్సిస్. ఐంథోవెన్ గారికి 1924లో నోబెల్ బహుమతి లభించింది.

పెద్దలలో మైనస్ 30 నుంచి ప్లస్ 90 డిగ్రీల వరకు సహజమే. వయస్సు పెరిగేకొద్దీ ఎడమకు జరగడం కద్దు. విద్యుత్తు దారిలో ఆటంకమున్నా, పూర్వం గుండెపోటు వచ్చినా జరగవచ్చు. కనుక అది జబ్బు పేరు కాదు, సూచన మాత్రమే, తేల్చవలసింది డాక్టరుగారే.

మా డాక్టరుగారు పాత ఇ.సి.జి. పక్కన పెట్టి చూసి, "అప్పుడూ ఇంతే ఉందండీ" అన్నారు. ఆ రాత్రి నిద్రపట్టింది. మిత్రులారా, ఆ కాగితంపై గీతలు క్రమంగా వెలిసిపోతాయి. జిరాక్సు తీయించి పెన్షను కాగితాలతోపాటు భద్రపరచుకోండి.